ఇంగ్లండ్‌లో ‘ఏ లెవెల్’ (A Level) ఎకనామిక్స్ ఎలా చదవాలి?

ఆగస్టులో జీసీఎస్‌ఈ (మన టెన్త్ లాంటి పరీక్ష) రిజల్ట్స్ వచ్చే సమయానికి సిక్స్త్ ఫామ్‌లో ఏ సబ్జెక్టులు తీసుకోవాలన్న టెన్షన్ తారస్థాయికి చేరుతుంది. సిక్స్త్ ఫామ్‌లోని ఇయర్ 12, 13 అంటే మన ఇంటర్ వయసే. ఆ రెండేళ్లలో చదివే కోర్సులే ‘ఏ లెవెల్స్’. అందుకే ఇక్కడి తెలుగు ఇళ్లలో ఎకనామిక్స్ అనగానే తల్లిదండ్రులకు ఇంటర్ రోజులు గుర్తొస్తాయి. ఎంపీసీ, బైపీసీ వద్దనుకున్నవాళ్లు సీఈసీలో చేరతారన్న పాత అభిప్రాయం ఒకటి, నిర్వచనాలు బట్టీపట్టి వరసగా పాయింట్లు రాస్తే చాలన్న నమ్మకం ఇంకొకటి. ఆ రెండింటినీ పక్కన పెట్టమని నా విన్నపం. ఒకటి రెండు పాయింట్లే తీసుకుని ‘ఎందుకు?’, ‘ఆ తర్వాత ఏమవుతుంది?’, ‘అన్నివేళలా ఇంతేనా?’ అంటూ చివరిదాకా తీసుకెళ్లినవాళ్లకే ఇక్కడ మార్కులు పడతాయి.

1. ముందు మ్యాథ్స్ సంగతి తేల్చుకోండి

మామూలుగా మూడు ఏ లెవెల్స్ తీసుకుంటారు. ఎకనామిక్స్‌లో చేరడానికి జీసీఎస్‌ఈలో అది చదివి ఉండాల్సిన పని లేదు. పేపర్లలో కనీసం 20 శాతం మార్కులు లెక్కలతో ముడిపడినవే అయినా, శాతాలు, ఇండెక్స్ నంబర్లు, ఎలాస్టిసిటీ (ధర మారితే అమ్మకాలు ఎంత మారతాయో చెప్పే అంకె) లాంటివే వస్తాయి. వాటికి భయపడక్కర్లేదు. కానీ డిగ్రీలో కూడా ఎకనామిక్స్ చదవాలనుకుంటే కథ వేరు. కేంబ్రిడ్జ్, ఎల్‌ఎస్‌ఈ (లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్), వారిక్ లాంటి యూనివర్సిటీల్లో ఎకనామిక్స్ డిగ్రీకి ఏ లెవెల్ మ్యాథ్స్ ఉండి తీరాలి. ఏ లెవెల్ ఎకనామిక్స్ లేకపోయినా చేర్చుకుంటారు గానీ మ్యాథ్స్ లేకపోతే చేర్చుకోరు. ఇయర్ 12 మధ్యలో సబ్జెక్టు మార్చుకోవడం కష్టం కాబట్టి ఈ ఒక్క విషయం చేరేముందే మాట్లాడుకోండి.

2. ఏ బోర్డో తెలుసుకోండి

పరీక్షలు పెట్టే బోర్డులు ఏక్యూఏ, ఎడెక్సెల్, ఓసీఆర్‌లలో మీ స్కూల్ దేన్ని అనుసరిస్తుందో అడిగి, ఆ బోర్డు స్పెసిఫికేషన్‌ని వాళ్ల సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకోండి. సిలబస్ అంతా అందులోనే ఉంటుంది. కోర్స్‌వర్క్ లేదు. ఇయర్ 13 చివర రెండేసి గంటల మూడు పేపర్లతోనే గ్రేడ్ తేలుతుంది. ఏక్యూఏలో మొదటి పేపర్ మైక్రో (ఒక్కో మార్కెట్ గురించి), రెండోది మాక్రో (దేశ ఆర్థిక వ్యవస్థ మొత్తం గురించి), మూడోది రెండూ కలిపి.

3. గ్రాఫు చేత్తో గీయండి

చూస్తే అర్థమైనట్టే ఉంటుంది, గీస్తేనే రాలేదని తెలుస్తుంది. ప్రతి గ్రాఫునీ పుస్తకం మూసేసి గీయాలి. అడ్డగీతకీ నిలువుగీతకీ పేర్లు, పాత ధర, కొత్త ధర, పాత పరిమాణం, కొత్త పరిమాణం అన్నీ గుర్తించాలి. జవాబులో ఆ గ్రాఫు గురించి మాట్లాడకపోతే గీసిన శ్రమంతా వృథా. ‘సప్లై తగ్గడంతో ధర పీ1 నుంచి పీ2కి పెరిగింది’ అని వాక్యంలో చెప్పాలి.

4. ఒక్క ఉదాహరణని లోతుగా తవ్వండి

అసలు చదువు ఇక్కడే ఉంది. బ్రిటన్‌లో కూల్‌డ్రింకుల మీద చక్కెర పన్ను తీసుకుందాం. 2016 మార్చి బడ్జెట్‌లో ప్రకటించి 2018 ఏప్రిల్‌లో అమల్లోకి తెచ్చారు. మొదట పెట్టిన రేట్లు ఇవి: 100 మిల్లీలీటర్లలో చక్కెర 5 గ్రాములకు చేరితే లీటరుకు 18 పెన్నీలు, 8 గ్రాములకు చేరితే 24 పెన్నీలు. పన్ను కట్టేది కంపెనీ.

ఎందుకు పెట్టారు? చక్కెర ఎక్కువగా తాగితే పళ్లు పాడవుతాయి, బరువు పెరుగుతుంది. ఆ వైద్యం ఖర్చు ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్యసేవ) మీద, అంటే మిగతా జనం మీద పడుతుంది. డబ్బా కొనేవాళ్లు ఆ ఖర్చుని లెక్కలోకి తీసుకోరు. నెగటివ్ ఎక్స్‌టర్నాలిటీ అంటే ఇదే.

తర్వాత ఏమవుతుంది? 24 పెన్నీల రేటు ప్రకారం 330 మిల్లీలీటర్ల డబ్బాకి పన్ను దాదాపు 8 పెన్నీలు. డబ్బా ధర 80 పెన్నీలనీ, కంపెనీ పన్ను మొత్తాన్నీ కొనేవాళ్ల మీదే వేసిందనీ అనుకుందాం. ధర 10 శాతం పెరిగింది. ఎలాస్టిసిటీ మైనస్ 1.2 అయితే అమ్మకాలు 12 శాతం తగ్గుతాయి. మైనస్ 0.3 అయితే తగ్గేది 3 శాతమే.

అన్నివేళలా ఇంతేనా? కాదు. చాలా కంపెనీలు పన్ను అమల్లోకి రాకముందే చక్కెర తగ్గించి పరిమితి కిందికి వచ్చేశాయి. అంటే ధర పెరగకుండానే జనం తాగే చక్కెర తగ్గింది. మామూలు పన్ను గ్రాఫులో ఈ సంగతి కనిపించదు. మరోవైపు, పాలు ఎక్కువగా ఉండే డ్రింకులకు అప్పట్లో మినహాయింపు ఇచ్చారు కాబట్టి జనం వాటివైపు మళ్లే వీలుంది. తక్కువ ఆదాయం ఉన్న ఇంటికి అదే 8 పెన్నీల భారం ఎక్కువ. ఇవన్నీ తూచి, ‘రెండు అంచెల రేటు కంపెనీలను మారేలా చేసింది కాబట్టి, అందరికీ ఒకే రేటు కంటే ఇది మేలు’ అని ఒక తీర్పు చెప్పగలిగితే అది మంచి 25 మార్కుల జవాబు. ‘లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి’ అని ముగిస్తే తీర్పు చెప్పకుండా తప్పించుకున్నట్టే.

ఇలాంటివి ఓ డజను చాలు. లండన్‌లో 2003లో 5 పౌండ్లతో మొదలైన కంజెషన్ ఛార్జ్ (రద్దీ ప్రాంతంలోకి వచ్చే వాహనాల మీద వేసే రుసుము), స్కాట్లండ్‌లో 2018 నుంచి ఉన్న మద్యం కనీస ధర, 1999లో గంటకు 3.60 పౌండ్లతో వచ్చిన మినిమమ్ వేజ్‌లతో మొదలుపెట్టవచ్చు.

5. మాక్రోని ఇంటి ఖర్చుల్లో చూడండి

2022 అక్టోబరులో ఇక్కడ ద్రవ్యోల్బణం 11.1 శాతానికి ఎగబాకింది. ఇక్కడి కేంద్ర బ్యాంకైన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ లక్ష్యం 2 శాతం. 2021 డిసెంబరులో 0.1 శాతం ఉన్న వడ్డీ రేటుని 2023 ఆగస్టుకల్లా 5.25కి తీసుకెళ్లారు. ఫిక్స్‌డ్ మార్ట్‌గేజ్ (కొన్నేళ్లపాటు ఒకే వడ్డీ ఉండే ఇంటి అప్పు) గడువు ముగిసిన ఇళ్లలో నెలవారీ కిస్తీ ఒక్కసారిగా పెరిగింది. మీ ఇంట్లోనూ అలా జరిగి ఉంటే ఆ లెక్కలు పిల్లలకు దాచకుండా చూపించండి. కిస్తీ పెరిగితే ఏ ఖర్చు తగ్గించారు, అందరూ అలాగే తగ్గిస్తే దుకాణాల పరిస్థితేంటి, ఉద్యోగాల మాటేంటి అని అడగండి. మీరు ఎకనామిక్స్ చదవకపోయినా ఈ ప్రశ్నలు అడగగలరు. ట్యూషన్ కంటే ఇది ఎక్కువ పనికొస్తుందని నా గట్టి నమ్మకం.

వడ్డీ రేటు తేల్చే కమిటీలో తొమ్మిదిమంది ఉంటారు. 2024 ఆగస్టులో రేటుని 5 శాతానికి తగ్గించినప్పుడు ఓట్లు 5–4గా చీలాయి. ఒకే సమాచారం చూసి అంతటి నిపుణులే విడిపోయారు. ఎవరు ఏ కారణం చెప్పారో ఆ సమావేశం మినిట్స్‌లో (చర్చల నమోదులో) చదివితే, పరీక్షలో రాయాల్సిన వాదన ఎలా ఉండాలో తెలుస్తుంది.

6. గడియారం పెట్టుకుని రాయండి

ఏక్యూఏలో 120 నిమిషాలకు 80 మార్కులు, అంటే మార్కుకు నిమిషంన్నర. 25 మార్కుల ప్రశ్నకు 37 నిమిషాలు. ఎడెక్సెల్‌లో పేపర్‌కు 100 మార్కులు కాబట్టి అదే 25కి అరగంటే దక్కుతుంది. పాత పేపర్లు, మార్క్ స్కీములు, ఎగ్జామినర్ రిపోర్టులు బోర్డు సైట్లలో ఉంటాయి. రిపోర్టుల్ని చాలామంది ముట్టుకోరు. పిల్లలు ఎక్కడ మార్కులు పోగొట్టుకున్నారో వాటిలో విడమరిచి రాస్తారు.

7. ఇయర్ 12 వేసవిని వదులుకోకండి

యూకాస్ (యూనివర్సిటీ ప్రవేశాల సంస్థ) దరఖాస్తుకి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌ల గడువు అక్టోబరు 15. 2026 ప్రవేశాల నుంచి పర్సనల్ స్టేట్‌మెంట్‌ని (దరఖాస్తులో విద్యార్థి తన గురించి రాసే భాగాన్ని) మూడు ప్రశ్నలుగా మార్చారు: ఈ కోర్సు ఎందుకు, చదివిన చదువు ఎలా సిద్ధం చేసింది, బయట ఏం చేశారు. పైన చెప్పిన ఉదాహరణల్లో పిల్లలకు బాగా పట్టుబడిన ఒకదాన్ని ఎంచుకుని, దాని గురించి సొంతంగా రెండు పేజీలు ఆ సెలవుల్లోనే రాయిస్తే మొదటి ప్రశ్నకు జవాబు చేతిలో ఉన్నట్టే.