వెయ్యి రూపాయల్లో ఎనిమిది జతలు, మిగిలిన ముక్కలతో చేతికి బ్రాస్‌లెట్లు

"చిన్నమ్మా, కాలేజీలో యూనిఫాం లేదంట. నా దగ్గర వెయ్యి రూపాయలే ఉన్నాయి" అంటూ జూన్‌లో ఒక ఆదివారం మా అక్క కూతురు అనంతపురంలోని మా ఇంటికి వచ్చింది. అప్పటికే తిలక్ రోడ్డులో రెండు గంటలు తిరిగి, ఒక్క సెట్టు ధర చూసి ముఖం వేలాడేసుకుని వచ్చింది. నేను ఇంట్లోనే కుట్టుపని చేస్తాను. ఆ తర్వాత ఇరవై రోజుల్లో మేమిద్దరం చేసిన పనిని వరసగా ఇక్కడ రాస్తున్నాను. మిషను లేనివాళ్లు కుట్టుకూలి వేరే లెక్క వేసుకోవాలి, మిగతాదంతా ఎవరైనా చేసుకోవచ్చు.

ముందు పెట్టె తెరవండి

బజారుకు వెళ్లే ముందు ఇంట్లో ఏముందో చూసుకోవాలి. ఈ మాట అందరికీ తెలుసు, పాటించేవాళ్లే తక్కువ. దుకాణంలో దీపాల కింద ఏ రంగైనా బాగుంటుంది. ఇంటికి తెచ్చాక దానికి జోడీ దొరకదు, జోడీ కోసం మళ్లీ బజారు. ఖర్చంతా అక్కడే.

మా పెట్టెలో రెండు దొరికాయి. ఒకటి ఆ పిల్ల ఆరో ఏట కట్టుకున్న ధర్మవరం పట్టుపావడ. రాణీ రంగు మీద ఆకుపచ్చ జరీ అంచు. ధర్మవరం పేరు చెబితే అందరికీ చీరలే గుర్తొస్తాయి కానీ, భౌగోళిక గుర్తింపు పొందిన పేరులో పట్టుచీరలతో పాటు పావడలు కూడా ఉన్నాయి. రెండోది వాళ్ల అవ్వ నూలు చీర. ఆవపువ్వు పసుపు గళ్లు, మెరూన్ అంచు.

ఇలాంటి పాత బట్టను వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. ఎక్కడ పలచబడిందో వెంటనే కనిపిస్తుంది. నూలు చీర అయితే కుచ్చిళ్ల దగ్గర అడుగు అంచు, నడుము దగ్గర దోపుకునే చోటు ముందు పాడవుతాయి. పైట వైపు, మధ్య భాగం గట్టిగా ఉంటాయి. పట్టు అయితే మడతల దగ్గర చూడండి. ఏళ్ల తరబడి ఒకే మడతలో పడి ఉన్న పట్టు ఆ గీత వెంట చీలుతుంది. రెండు బొటనవేళ్లతో చిన్నగా లాగి చూస్తే తెలిసిపోతుంది. మా పావడలో రాణీ రంగు పట్టు అక్కడక్కడా చీలింది, జరీ అంచు మాత్రం నిన్న మగ్గం దిగినట్టుంది. అంచు విప్పి పక్కన పెట్టాం. కుట్లు విప్పేటప్పుడు లాగకండి. నాలుగు కుట్లకు ఒకటి చొప్పున బ్లేడు మొనతో తెంపితే దారం దానంతట అదే వస్తుంది.

కొనాల్సినవి మూడే

పసుపు, మెరూన్, ఆకుపచ్చ మన దగ్గర ఉన్నాయి కదా. వీటన్నిటికీ కలిసే రంగు ఒకటి కావాలి. మేము సిరా నీలం తీసుకున్నాం. ముదురు రంగు సాదా బట్ట మీద జరీ ఎత్తి చూపినట్టు కనిపిస్తుంది, పూల అచ్చు ఉన్న బట్ట మీద పెడితే రెండూ పోట్లాడుకుంటాయి.

గుడ్డ కొనేటప్పుడు పన్నా, అంటే గుడ్డ వెడల్పు, అడగండి. పన్నా 44 అంగుళాలు ఉంటే మోకాలి దాకా వచ్చే కుర్తాకు, ముప్పావు చేతులతో రెండుంపావు మీటర్లు సరిపోతాయి. ఒళ్లున్నవాళ్లకు రెండున్నర. పన్నా 36 అయితే ఈ లెక్క మారుతుంది, మూడు మీటర్ల దాకా పట్టవచ్చు. మీటరు చౌక అని సంబరపడి ఇంటికొచ్చాక చేతులకు గుడ్డ చాలలేదని ఏడ్చినవాళ్లు నా దగ్గరకు ఏటా నలుగురైనా వస్తారు. గుడ్డ తాను చివర మిగిలిన ముక్కలు అడిగితే ఇంకా తగ్గిస్తారు. అయితే కౌంటరు మీదే పూర్తిగా విప్పించి చూడాలి. ఒకసారి నేను చూడకుండా తెచ్చుకున్న ముక్క నడిమధ్యలో ఎలుక కొరికిన రంధ్రం ఉంది. ఆషాఢంలో తగ్గింపులు ఎలాగూ ఉంటాయి. చేనేత కావాలనుకుంటే, చేనేత సహకార సంఘం ఆప్కో దుకాణాల్లో పండుగ రోజుల్లో ఇచ్చే రిబేటు చూసి వెళ్లండి. ఆగస్టు 7 జాతీయ చేనేత దినం, ఆ రోజుల్లోనూ ఒకసారి తొంగి చూడండి.

మన ఎండలకు నూలు తప్ప నేను మరొకటి చెప్పను. ఏప్రిల్లో మిట్టమధ్యాహ్నం సప్తగిరి సర్కిల్ దగ్గర పాలిస్టర్ కుర్తాలో ఆటో కోసం పది నిమిషాలు నిలబడితే మీరే ఒప్పుకుంటారు.

మిగతా రెండూ ప్యాంట్లు. ఒకటి మీగడ రంగు, ఒకటి మెరూన్. ఇవి రెడీమేడే కొన్నాం, కుట్టించడం కన్నా అదే చౌక. లోపలి వైపు తిప్పి తొడల మధ్య కుట్టు చూడండి, అక్కడ రెండు వరసల కుట్టు ఉంటేనే తీసుకోండి. జీన్స్ వేసుకునే అలవాటుంటే రాయదుర్గం వైపు వెళ్లే బంధువులెవరికైనా చెప్పి తెప్పించుకోవచ్చు. అక్కడ జీన్స్ కుట్టేవాళ్లు వీధివీధినా ఉన్నారు.

మా లెక్క ఇలా తేలింది: గుడ్డకు 300, రెండు ప్యాంట్లకు 500, పూసలు, ఎలాస్టిక్ దారం, గుండీలకు 120. మొత్తం 920. మిగిలిన 80 రూపాయలు ఏమయ్యాయో తిన్నవాళ్లకే తెలుసు.

కత్తెర పెట్టే ముందు తడపండి

కొత్త నూలుగుడ్డను ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించాలి. కుట్టాక కుదించుకుపోతే చేసేదేమీ లేదు. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని అంటారు. ఈ కాలపు అద్దకాల విషయంలో నాకు ఆ నమ్మకం పోయింది. తడి తెల్లగుడ్డతో ఒక మూల గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే మొదటి మూడు నాలుగు ఉతుకులు విడిగా ఉతకండి, అంతే.

చీరను కుర్తా చేయడం

పాత చీర ఇస్తే చాలామంది దర్జీలు మామూలు గుడ్డలాగే నిలువునా వేసి కోసేస్తారు. అలా చేస్తే అంచు ఒక పక్కకు పోయి, ఎవరికీ కనిపించని చోట కుట్టులో కలిసిపోతుంది. చీరను అడ్డంగా వేయమని చెప్పండి. చీర పన్నా దాదాపు 45 అంగుళాలు. కుర్తా పొడవు 40, 42 అంగుళాలు. అంటే చీర వెడల్పే కుర్తా పొడవు అవుతుంది, మెరూన్ అంచు సరిగ్గా కుర్తా అడుగున వచ్చి కూర్చుంటుంది. అడుగు మడిచి కుట్టే పని కూడా తప్పుతుంది. ముందు భాగానికి, వెనుక భాగానికి, చేతులకు కలిపి చీర పొడవులో రెండు మీటర్లు పోతాయి.

చీర అయిదున్నర మీటర్లు. కుర్తాకు రెండు, చున్నీకి రెండుంపావు పోగా ఒకటింపావు మీటరు మిగులుతుంది. పలచబడిన భాగమంతా ఆ మిగిలిన దాంట్లోకి వచ్చేలా ముందే సుద్దతో గీసుకోండి. మేము పైట వైపు చున్నీకి, మధ్య భాగం కుర్తాకు తీసుకున్నాం.

నీలం కుర్తాకు జరీ అంచు చేతుల చివర వేశాం. అడుగున కూడా వేయవచ్చు కానీ కూర్చుని లేచేటప్పుడు నలిగి జరీ పోగులు లేస్తాయి. అంచు వెనుక పలచని నూలుగుడ్డ ఆనించి కుట్టండి, పాత పట్టు బరువు దాని మీద పడుతుంది. జరీ మీద ఇస్త్రీపెట్టె నేరుగా పెట్టకూడదు, పైన ఒక పంచె ముక్క పరచాలి.

ఇప్పుడు లెక్క చూడండి. రెండు కుర్తాలు, రెండు ప్యాంట్లు కలిపితే నాలుగు జతలు. చున్నీ వేస్తే ఒక తీరు, వేయకపోతే ఇంకో తీరు. ఎనిమిది. సోమవారం మొదలుపెడితే పై సోమవారం దాకా ఏ జతా రెండోసారి రాదు. నీలం కుర్తా, మెరూన్ ప్యాంటు, పసుపు గళ్ల చున్నీ వేసుకుని వెళ్లిన రోజు "ఎక్కడ కొన్నావు?" అని ముగ్గురు అడిగారట. మా అవ్వ దగ్గర అని చెప్పిందట.

ముక్కలతో జడ బ్రాస్‌లెట్

నీలం గుడ్డ, చీర ముక్క, పావడ రాణీ పట్టు, ఈ మూడింటి నుంచీ ఒక్కో పట్టీ తీసుకోండి. వెడల్పు రెండు సెంటీమీటర్లు, పొడవు ముప్పై. మణికట్టు పదిహేను సెంటీమీటర్లే కదా, ముప్పై ఎందుకని అనుకోవద్దు. అల్లితే పొడవు తగ్గుతుంది, ముడులకూ కొంత పోతుంది. నూలుగుడ్డను కత్తిరించే కన్నా అంచున చిన్న గాటు పెట్టి చింపండి, దారం వెంట తిన్నగా వస్తుంది. పట్టును మాత్రం కత్తిరించాలి.

మూడింటినీ ఒక చివర ముడివేసి, కాలి బొటనవేలికి తగిలించుకుని జడ అల్లినట్టే అల్లండి. మొదలులో గుండీ దూరేంత సందు వదిలితే అదే కాజా. చివర పాత చొక్కా గుండీ కుట్టండి. పట్టీలు ఒకే బిగువున ఉండాలి. జారే గుణమున్న పట్టు పట్టీ వదులైపోయి బుడగలా పైకి లేస్తుంటుంది, దాన్ని మిగతా వాటికన్నా కాస్త లాగి పట్టుకోవాలి.

పూసల బ్రాస్‌లెట్, బస్సులో జరిగిన సంగతి

నేను మొదట చేసిన పూసల బ్రాస్‌లెట్ ధర్మవరం బస్సులో తెగింది. ముందు సీటు కడ్డీ పట్టుకున్నానో లేదో, టప్ మని పూసలన్నీ సీట్ల కిందికి దొర్లాయి. కండక్టరు కాలెత్తి మరీ ఒకటి తీసిచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే తెగింది సరిగ్గా ముడి దగ్గర. తప్పులు మూడు చేశాను: దారాన్ని ముందుగా సాగదీయలేదు, మామూలు ముడి వేశాను, ఊడకుండా ఉంటుందని క్షణంలో అంటుకునే జిగురు పెట్టాను. ఆ జిగురు గట్టిపడి ఎలాస్టిక్‌ను పెళుసు చేస్తుంది. పట్టుకోవాల్సిన చోటే తెగుతుంది.

మొదట ఎన్ని పూసలు కావాలో తేల్చుకోండి. ఇక్కడే చాలామంది తప్పుతారు. టేపు మణికట్టు చుట్టూ పెట్టి కొలిస్తే పదిహేను సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. పదిహేను సెంటీమీటర్ల పూసలు గుచ్చితే బిగుసుకుపోతుంది. కారణం, దారం పూస నడుమ నుంచి వెళ్తుంది, చర్మానికి తగిలేది పూస లోపలి వైపు. పూస లావయ్యే కొద్దీ లోపలి చుట్టు చిన్నదవుతుంది. పూస లావుకు మూడింతల కంటే కొంచెం ఎక్కువ కలుపుకుంటే సరిపోతుంది. ఎనిమిది మిల్లీమీటర్ల పూసకు రెండున్నర సెంటీమీటర్లు కలపాలి. మొత్తం పదిహేడున్నర, అంటే 22 పూసలు. ఆరు మిల్లీమీటర్ల పూసకు రెండు సెంటీమీటర్లు కలిపితే పదిహేడు, 28 పూసలు. నాలుగు మిల్లీమీటర్ల సన్న పూసలకు ఒకటింపావు చాలు, 41 పడతాయి. పాతూరు బజారులో పూసలు దండల లెక్కన కొన్నాం. ఒక్కో దండలో రెండు బ్రాస్‌లెట్లు పోను మిగిలాయి.

ఎలాస్టిక్ దారం ముప్పై సెంటీమీటర్లు తెంపండి. రెండు చివరలూ పట్టుకుని నాలుగైదుసార్లు నెమ్మదిగా సాగదీయండి. ఇలా చేయకపోతే వారంలో అది తనంతట తానే సాగి, పూసల మధ్య సందులు పడతాయి. ఒక చివర బట్టలకు పెట్టే క్లిప్పు పెట్టి పూసలు గుచ్చండి. వీటిలో ఒక్క పూసకైనా రంధ్రం పెద్దదిగా ఉండాలి. దాన్ని చివరన గుచ్చండి, ముడి దాక్కునేది అందులోనే.

ముడి వేసే తీరు ఇది. మామూలుగా మొదటి ముడికి దారాన్ని ఒకసారి దూరుస్తాం. ఇక్కడ రెండుసార్లు దూర్చి లాగాలి. అప్పుడు అది జారకుండా ఆగుతుంది, రెండో ముడి వేసే దాకా వేలు అడ్డం పెట్టాల్సిన పని లేదు. రెండోదీ అలాగే, కానీ వ్యతిరేక దిశలో. రెండు చివరలనూ తడిచేసి ఒకేసారి, సమానంగా బిగించండి. పారదర్శకమైన గోళ్ల రంగు ఒక్క చుక్క చాలు. ఆరాక ముడిని పెద్ద పూసలోకి లాగి, చివరలు మూడు మిల్లీమీటర్లు వదిలి కత్తిరించండి. వేసుకునేటప్పుడు వేళ్లతో సాగదీసి తొడగకండి, గాజులా చేయి ముడిచి మీదుగా దొర్లించండి. స్నానానికి వెళ్లేటప్పుడు తీసేయండి.

ఏ జతకు ఏది వేసుకోవాలన్నది మీ ఇష్టం. నేనైతే కుర్తాకు జరీ ఉన్న రోజు గుడ్డ జడ, సాదాగా ఉన్న రోజు పూసలు వేసుకోమన్నాను. ఆ పిల్ల రెండూ ఒకే చేతికి వేసుకుని వెళ్లింది. బాగానే ఉంది.

మిగిలిన పూసలను చున్నీ నాలుగు మూలలకు మూడేసి చొప్పున కుట్టాం. ఆషాఢం గాలికి మన ఊళ్లో చున్నీ భుజం మీద నిలవదు, ఆ కాస్త బరువుకు నిలిచింది. బండి వెనుక కూర్చునేటప్పుడు మాత్రం ఆ బరువును నమ్మకండి. చున్నీ చివరలు చక్రం వైపు వేలాడకుండా వెనక్కి తీసి నడుము దగ్గర ముడి వేసుకోండి.