వెనిస్‌లో పడవెక్కే ముందు: కొత్తగా వచ్చినవారికి

సాంతా లూచియా స్టేషన్ మెట్లు దిగితే రోడ్డు ఉండదు, నీళ్లుంటాయి. ఎదురుగా పెద్ద కాలువ, దాని ఒడ్డున పసుపు పట్టీలతో నీటి మీద తేలుతున్న గదులు, అవే పడవల రేవులు, ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం. సూట్‌కేసుతో అక్కడికి చేరినవాళ్లు మామూలుగా చేసే పని, వస్తున్న పడవ వైపు పరుగెత్తడం. నేనూ అదే చేశాను. నేను వెళ్లాల్సింది ఊరి ఉత్తరపు ఒడ్డున ఉన్న ఫొందమెంతే నోవేకి, ఇరవై నిమిషాల ప్రయాణం. 4.2 నంబరు పడవ ఎక్కాల్సినవాణ్ణి 4.1 ఎక్కాను. అది బస్సులు ఆగే పియాజాలే రోమా దాటి, జూడెక్కా దీవి తిరిగి, సాన్ జక్కారియా మీదుగా తూర్పు కొసకు పోయి, ఊరంతా చుట్టి గంటకు పైగా అయ్యాక నన్ను అక్కడ దింపింది. చేరాల్సిన చోటికే చేరాను కాబట్టి తప్పు ఎక్కానని ఒప్పుకోవడానికి మరో రెండు రోజులు పట్టింది.

అప్పటినుంచి కొత్తవాళ్లు ఎవరు అడిగినా నేను చెప్పే మొదటి మాట ఒకటే. వచ్చే పడవను చూడకండి, మీరు నిలబడ్డ రేవును చూడండి. ఇక్కడ జరిగే తప్పులన్నీ పడవలో కాదు, రేవులోనే జరిగిపోతాయి.

ముందు కార్డు సంగతి

పడవల్ని, నేల మీదున్న మెస్త్రే వైపు బస్సుల్ని, ట్రామును నడిపేది ఏసీటీవీ అనే సంస్థ. టూరిస్టు కొనే 75 నిమిషాల టికెట్టు 9.50 యూరోలు, 24 గంటలది 25 యూరోలు. వెనెజియా ఊనికా కార్డు ఉన్నవాళ్లకు అదే 75 నిమిషాల ప్రయాణం అందులో చిన్న వంతుకే వస్తుంది. తేడా చూశారుగా. రోజూ తిరగాల్సినవాళ్లు ఈ కార్డు తీసుకోవడం ఎంత ఆలస్యం చేస్తే అంత డబ్బు నీళ్లపాలు.

కార్డు మీద మీ ఫోటో, పేరు ఉంటాయి. పియాజాలే రోమా, త్రోంకెత్తో లాంటి చోట్ల ఉన్న కౌంటర్లలో పాస్‌పోర్టు చూపించి తీసుకోవచ్చు. అక్కడ నివాసం నమోదైనవాళ్లకు కార్డు రుసుము తక్కువ, బయటివాళ్లకు చాలా ఎక్కువ. అందుకని నివాసం నమోదు చేసుకోబోతున్నవాళ్లు ఆ మాట కౌంటర్లో ముందే చెప్పి, ఇప్పుడు తీసుకుంటే లాభమా, నమోదయ్యాక తీసుకుంటే లాభమా అడగండి. ఆ కార్డులోనే పది ప్రయాణాల కట్ట గానీ, నెల పాసు గానీ వేయించుకోవచ్చు. విద్యార్థులకు పాసు చవక. ఈలోపు రెండు మూడు రోజులు గడవాలంటే, మీ వయసు 29 లోపైతే రోలింగ్ వెనిస్ అనే చిన్న కార్డు అడగండి. దానితో మూడు రోజుల పాసు తక్కువకు వస్తుంది.

ఎయిర్‌పోర్టు విషయంలో మాత్రం చాలామంది పొరబడతారు. మార్కో పోలో విమానాశ్రయం నుంచి వచ్చే పడవలు అలీలగూనా అనే వేరే సంస్థవి, మామూలు టికెట్టు వాటిలో చెల్లదు. విమానాశ్రయం బస్సుకి కూడా ధర వేరే. చేతిలో పాసుంది కదా అని ధీమాగా ఎక్కేయకండి.

కార్డును రేవు గేటు దగ్గరున్న మెషీన్‌కు ఆనించి, పచ్చ లైటు, బీప్ వచ్చాకే లోపలికి వెళ్లాలి. నెల పాసున్నా సరే, ఎక్కిన ప్రతిసారీ ఆనించాలి. ఇది చాలామందికి వింతగా అనిపిస్తుంది, ‘డబ్బు కట్టేశాను కదా’ అని వదిలేస్తారు. తనిఖీకి వచ్చినవాళ్లు ఆ వాదన వినరు, జరిమానా టికెట్టుకు ఎన్నో రెట్లు. టికెట్టు లేకుండా ఎక్కాల్సి వస్తే కూర్చోకుండానే పడవ కట్టే కళాసీ దగ్గరికి వెళ్లి కొనాలి. తనిఖీ అయ్యేటప్పుడు ‘ఇప్పుడే కొందామనుకుంటున్నా’ అంటే నమ్మేవాళ్లు ఎవరూ లేరు.

నంబర్లు అర్థం చేసుకోవడం

అన్నీ కంఠస్థం చేయనక్కర్లేదు. 1 నంబరు పెద్ద కాలువ పొడవునా దాదాపు ప్రతి రేవులోనూ ఆగుతుంది. పియాజాలే రోమా నుంచి రియాల్టో, సాన్ మార్కో మీదుగా లీడో దీవి దాకా. 2 నంబరు కూడా పెద్ద కాలువలో నడుస్తుంది, కానీ తక్కువ చోట్ల ఆగుతుంది, జూడెక్కా కాలువ వైపు కూడా తిరుగుతుంది. 3 పియాజాలే రోమా నుంచి మురానోకి. 12 ఫొందమెంతే నోవే నుంచి మురానో మీదుగా రంగురంగుల ఇళ్ల బురానోకి. 17 అంటే కార్లను మోసుకుని త్రోంకెత్తో నుంచి లీడోకి వెళ్లే బల్లకట్టు. అర్ధరాత్రి దాటాక నడిచేదానికి నంబరు లేదు, ఎన్ అనే అక్షరం.

ఇక నన్ను ముంచినవి. 4.1, 4.2, 5.1, 5.2 ఊరి చుట్టూ తిరిగే లైన్లు. చుక్క తర్వాత 2 ఉంటే ప్రదక్షిణ దిశ, 1 ఉంటే దానికి ఎదురు దిశ. మ్యాపులో ఉత్తరం పైన పెట్టుకుని, మీరున్న రేవు నుంచి గుడి చుట్టూ తిరిగినట్టు వేలితో గీసుకోండి. మీరు దిగే చోటు ముందుగా తగిలితే 2, లేకపోతే 1. స్టేషన్ నుంచి ఫొందమెంతే నోవేకి 4.2 గానీ 5.2 గానీ. నేను మళ్లీ మర్చిపోలేదు.

లైనును బట్టి పడవ రకం కూడా మారుతుంది. పెద్ద కాలువలో నడిచేవి వపొరెత్తోలు, వెడల్పుగా, డెక్కు సమంగా ఉంటుంది. వీల్‌చెయిర్, పిల్లల బండి ఉన్నవాళ్లకు ఇవే సుఖం. చుట్టు తిరిగేవి మోతోస్కాఫోలు, ఇరుకు, పొట్టి. వంతెనల కింద దూరాలి కాబట్టి వాటిని అలా కట్టారు. లోపల రెండు మెట్లు దిగి కూర్చోవాలి, గాలి వేసిన రోజు మధ్యలో నిలబడితే బట్టలు తడుస్తాయి. దూరపు దీవులకు వెళ్లే రెండంతస్తుల మోతొనావెలో మాత్రం హాయిగా పైకెక్కి కూర్చోండి.

వపొరెత్తో అంటే ఆవిరి పడవ అని అర్థం. మొదటిది 1881లో వచ్చింది, పేరు రెజినా మార్గెరీతా. తమ పొట్ట కొడుతుందని గొండోలా నడిపేవాళ్లు అప్పట్లో సమ్మె చేశారు. ఆవిరి ఎప్పుడో పోయింది, పేరు మిగిలింది.

రేవులో నిలబడినప్పుడు

రేవును ఇక్కడివాళ్లు ఇంబర్కదేరో అంటారు, బోర్డుల మీద పొంతీలే అని కూడా కనిపిస్తుంది. పెద్ద చోట్ల, అంటే పియాజాలే రోమా, స్టేషన్, రియాల్టో, సాన్ జక్కారియా, ఫొందమెంతే నోవేల్లో ఒకటి కాదు, వరసగా నాలుగైదు ఉంటాయి, ఏ, బి, సి, డి అని. మీ నంబరు ఏ అక్షరం నుంచి బయల్దేరుతుందో బోర్డులో చూసుకున్నాకే గేటు దాటండి. సాన్ జక్కారియాలో ఒక కొస నుంచి ఇంకో కొసకి నడవడానికే కొన్ని నిమిషాలు పడుతుంది, జనం మధ్య ఇంకా ఎక్కువ.

చిన్న రేవుల్లో సమస్య తిరగబడుతుంది. ఒకే గది, రెండు దిక్కుల పడవలూ అక్కడికే వచ్చి ఆగుతాయి. నంబరు 1 అని సరిగ్గానే ఉంటుంది, కానీ అది లీడో వెళ్లేదో, వెనక్కి పియాజాలే రోమా వెళ్లేదో పడవ ముందు రాసిన చివరి స్టాపు పేరు చదివితేనే తెలుస్తుంది. కంగారులో అది చదవం. చదవలేకపోతే కళాసీని అడగండి. ‘రియాల్టో?’ అని ఒక్క మాట చాలు, తల ఊపి చెబుతాడు. తాడు విసిరి పడవను కట్టేది, గేటు తీసేది, రేవు పేరు కేకవేసేది అతనే. పడవ నడిపే సరంగు పైన తన గదిలో ఉంటాడు, అతనితో మీకు పని ఉండదు.

దిగేవాళ్లు దిగాకే ఎక్కాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, ఆ ఇరుకు గేటులో వేరే దారి లేదు కూడా. ఎక్కగానే గేటు దగ్గర స్తంభంలా నిలబడిపోకుండా లోపలికి నడవండి. భుజం మీది బ్యాగు తీసి చేత్తో పట్టుకోండి. కొత్తవాళ్ల మీద ఊరివాళ్లు విసుక్కునేది ఎక్కువగా ఈ బ్యాగు గురించే. మీరు ఇటు తిరిగితే ఆ బ్యాగు అటువైపు ముసలాయన ముఖానికి తగులుతుంది. దారి కావాలంటే ‘పెర్మెస్సో’ అనండి. ఎవరైనా ‘షెండే?’ అని అడిగితే వచ్చే రేవులో దిగుతున్నారా అని అర్థం. దిగకపోతే పక్కకు జరగండి.

రద్దీ ఎక్కువగా ఉండే కొన్ని రేవుల్లో కార్డున్నవాళ్లకు వేరే గేటు ఉంటుంది. టూరిస్టుల బారెడు వరసను చూసి డీలా పడకండి, ముందు ఆ గేటు ఎక్కడుందో వెతకండి. మీ చేతిలో కార్డు పడ్డాక ఈ ఊళ్లో మీకు దక్కే మొదటి గౌరవం అదే.

పడవ అవసరం లేని దారులు

పెద్ద కాలువ నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ, తలకిందులైన ఎస్ ఆకారంలో వంకర తిరిగి ఉంటుంది. పడవ ఆ వంకరంతా తిరగాలి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి అడ్డంగా పోతూ ప్రతి రేవులో ఆగాలి. పైగా అలలు పునాదుల్ని తినేస్తాయని వేగానికి హద్దు పెట్టారు. అందుకే స్టేషన్ నుంచి రియాల్టోకి 1 నంబరు ఎక్కినా, నడిచినా ఇరవై నిమిషాలు అటూ ఇటుగా పడుతుంది. సాన్ మార్కోకి నడక ముప్పై, ముప్పై అయిదు నిమిషాలు, పడవ అంతకంటే ఎక్కువే. చేతిలో బరువు లేకపోతే నడవండి. పెద్ద కాలువ మీద వంతెనలు నాలుగే: స్టేషన్ దగ్గర స్కాల్జీ, రియాల్టో, అకాదెమియా, 2008లో కట్టిన కోస్తితుత్సియోనే. వాటి మధ్యలో అవతలి గట్టుకి వెళ్లాలంటే త్రగెత్తో ఉంది. ఇద్దరు నడిపే పెద్ద గొండోలా అది, రెండు యూరోలిస్తే నిమిషాల్లో దాటిస్తారు. సాంతా సోఫియా దగ్గర ఉన్నది చేపల మార్కెట్టుకి వెళ్లేవాళ్లకు బాగా పనికొస్తుంది.

పడవ తప్పనిసరి అయ్యేది దీవులకే: జూడెక్కా, లీడో, మురానో, బురానో, తోటల సాంత్ ఎరాస్మో. ఇల్లు వెతికేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. జూడెక్కాలో అద్దె నచ్చి తీసుకుంటే ప్రతి చిన్న పనికీ రేవు, ప్రతి రాత్రీ చివరి పడవ లెక్క. మెస్త్రేలో ఉంటే రైలు పది నిమిషాల్లో సాంతా లూచియాకి తెస్తుంది, బస్సు, ట్రాము పియాజాలే రోమా దాకా వస్తాయి. అక్కడితో చక్రాల ప్రపంచం అయిపోయింది. లీడోలో మాత్రం మళ్లీ బస్సులు, కార్లు కనిపిస్తాయి.

ఎవరైనా ఇంటికి పిలిస్తే అడ్రసు అడిగి ఊరుకోకండి. ‘కన్నారెజో’ అని పేట పేరు, పక్కన నాలుగంకెల నంబరు ఇస్తారు. ఆ నంబర్లు వీధికి కాదు, పేట మొత్తానికి వరసగా వేసినవి, వాటితో ఇల్లు దొరకడం కష్టం. ‘ఏ రేవులో దిగాలి?’ అని అడగండి. అసలు అడ్రసు అదే. ఆసుపత్రికీ అంతే, ఊరి పెద్దాసుపత్రి రేవు పేరే ఓస్పెదాలే, అంబులెన్సులు కూడా పడవలే.

పోటు, పొగమంచు, పండగలు

శరదృతువు నుంచి చలికాలం దాకా సముద్రపు పోటు ఎక్కువగా ఉండే రోజులొస్తాయి, దాన్ని అక్వా ఆల్తా అంటారు. 2019 నవంబరు 12న నీరు 187 సెంటీమీటర్లకు చేరింది, 1966 నాటి 194 తర్వాత అదే పెద్దది. 2020 అక్టోబరు 3 నుంచి మోజే అనే గేట్లు సముద్ర ముఖద్వారాల దగ్గర లేచి పోటును ఆపుతున్నాయి. మామూలుగా 110 సెంటీమీటర్ల అంచనా వస్తేనే వాటిని లేపుతారు. అంతకు తక్కువలోనే సాన్ మార్కో చౌకు తడుస్తుంది, కాబట్టి మోకాలి బూట్లు ఒక జత ఇంట్లో ఉండాలి. నీరు బాగా పెరిగితే పొట్టి మోతోస్కాఫోలు కూడా కొన్ని వంతెనల కింద దూరలేవు, దారి మార్చుకుంటాయి. నీరు బాగా తగ్గినప్పుడు రేవుకి దిగే బల్ల ఏటవాలు అవుతుంది, సూట్‌కేసు చేజారితే నీళ్లలోకే.

పొగమంచును ఇక్కడి యాసలో కైగో అంటారు. రాడారు పెట్టుకుని నడుపుతారు గానీ కొన్ని లైన్లు ఆగిపోతాయి, కొన్ని నెమ్మదిస్తాయి. ఉదయం పరీక్ష ఉంటే ఒక పడవ ముందుగా బయల్దేరండి.

జులై మూడో ఆదివారం రెదెంతోరే పండగ, ముందు రోజు రాత్రి బాణసంచా. ఎదురు గట్టున ఉన్న జత్తేరే నుంచి జూడెక్కాకు తాత్కాలికంగా వంతెన వేస్తారు, ఆ కాలువ నిండా సొంత పడవలు కట్టుకుని జనం భోజనాలకు కూర్చుంటారు. సెప్టెంబరు మొదటి ఆదివారం పడవ పందేలకు పెద్ద కాలువనే మూసేస్తారు. నవంబరు 21న సలూతే చర్చికి ఇంకో వంతెన. ఈ రోజుల్లో ఫోనులోని టైంటేబుల్‌ను నమ్ముకుంటే టెన్షన్ తప్పదు.

వీటన్నిటికీ, సమ్మెలకూ, ముందుగా కాగితం అంటించేది రేవు గోడ మీదే. ఇటాలియన్ రాకపోయినా మూడు మాటలు పోల్చుకోండి. ‘షోపెరో’ అంటే సమ్మె, ఆ రోజు ముఖ్యమైన లైన్లు తగ్గించి నడుపుతారు. ‘దెవియాతా’ అంటే దారి మారింది, ఎటు అని కింద రాసుంటుంది. ‘సోస్పేసా’ అంటే ఆపేశారు, అది కనిపిస్తే అక్కడ ఇక నిలబడకండి, నడవడం మొదలుపెట్టండి.