ప్రాజెక్ట్ రివ్యూలకి ముందు యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్‌ని సరిచూసుకోండి

ఫిబ్రవరి దాటితే విశాఖలో ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్ పిల్లలకి ప్రాజెక్ట్ రివ్యూల టెన్షన్ మొదలవుతుంది. మధురవాడ, రుషికొండ, దువ్వాడ, గాజువాక, ఏ హాస్టల్ గదిలోకి తొంగిచూసినా మంచం మీదో టేబుల్ మీదో ఒక ఈఎస్‌పీ32 బోర్డు, ఒక ఆర్డ్యునో, చుట్టూ జంపర్ వైర్లు కనిపిస్తాయి. ఏ సెన్సార్ కొనాలి, యాప్ ఎలా చేయాలి అని నెలల తరబడి చర్చించుకుంటారు. కంప్యూటర్‌కీ బోర్డుకీ మధ్య ఉండి కోడ్ డంప్ చేసే (బోర్డులోకి ఎక్కించే) ఆ చిన్న యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ సంగతి మాత్రం ఎవరికీ గుర్తురాదు. రివ్యూ ముందు రాత్రి మొండికేసేది ఎక్కువగా అదే.

"సార్, నిన్న రాత్రి దాకా కోడ్ ఎక్కింది, పొద్దున్నుంచి ఎక్కట్లేదు" అని ఏటా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. అప్పటికే కోడ్ మార్చేసి ఉంటారు, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఉంటారు, ఇంకో బోర్డు ఆర్డర్ పెట్టేసి ఉంటారు. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ ఉన్నట్టు అంత పెద్ద విడిభాగాల బజారు మనకి లేదు. ఆన్‌లైన్‌లో పెట్టినది రివ్యూ లోపు వస్తుందో రాదో తెలియదు. అందుకే చెబుతున్నాను: రివ్యూకి రెండు మూడు వారాల ముందే ఒక సాయంత్రం కూర్చుని, మైక్రోకంట్రోలర్‌ని, అంటే ఆ ఈఎస్‌పీ32, ఆర్డ్యునోలాంటి బోర్డుని, పక్కన పెట్టి, అడాప్టర్ ఒక్కదాన్నే పరీక్షించండి. అది బాగుందని రుజువైతే, ఆ తర్వాత ఏ సమస్య వచ్చినా వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

అడాప్టర్ ఒక్కదాన్నే

ముందు కేబుల్. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలు ఉండవు. అడాప్టర్ మీద లైటు వెలుగుతుంది, కంప్యూటర్‌లో మాత్రం పోర్ట్ రాదు. ఫోన్‌ని కంప్యూటర్‌కి పెట్టి ఫొటోలు కాపీ చేసి చూస్తే కేబుల్ ఏ రకమో తేలిపోతుంది. పనికొచ్చే కేబుల్‌కి టేపు చుట్టి, ప్రాజెక్ట్ డబ్బాలోంచి కదలనివ్వకండి.

తర్వాత అడాప్టర్‌కి ఉన్న వైర్లన్నీ తీసేసి, దాని టీఎక్స్ (డేటా పంపేది), ఆర్ఎక్స్ (డేటా అందుకునేది) పిన్నుల్ని ఒకే ఒక జంపర్ వైరుతో కలపండి. కంప్యూటర్‌లో సీరియల్ మానిటర్ (డేటా పంపడానికి, వచ్చింది చూడడానికి ఉండే విండో) తెరిచి ఏదైనా టైప్ చేసి పంపండి. పంపిందే తిరిగి కనిపించాలి. వైరు తీసేస్తే రావడం ఆగిపోవాలి. ఈ రెండూ జరిగితే కేబుల్, డ్రైవర్ (అడాప్టర్‌ని కంప్యూటర్ గుర్తుపట్టేలా చేసే సాఫ్ట్‌వేర్), పోర్ట్ ఎంపిక, చిప్ పంపడం, అందుకోవడం అన్నీ సరిగా ఉన్నట్టే. వైరు తీసేసినా అక్షరాలు వస్తూంటే మీరు వేరే పోర్ట్ తెరిచారేమో, సాఫ్ట్‌వేర్‌లో లోకల్ ఎకో (టైప్ చేసిందాన్నే తెర మీద చూపించడం) ఆన్ అయి ఉందేమో చూడండి. గ్రౌండ్ వైరు, బోర్డుని రీసెట్ చేసే డీటీఆర్ పిన్ను ఈ పరీక్షలో తేలవు, వాటిని విడిగా చూసుకోవాలి.

ఇక నేను పట్టుబట్టి చేయించేది మల్టీమీటర్ పరీక్ష. సీరియల్ లైను ఖాళీగా ఉన్నప్పుడు టీఎక్స్ పిన్ను హై స్థితిలోనే ఉంటుంది. కాబట్టి మల్టీమీటర్‌ని డీసీ ఓల్టుల మీద పెట్టి, నల్ల వైరు గ్రౌండ్‌కి, ఎర్ర వైరు టీఎక్స్‌కి తాకిస్తే ఆ అడాప్టర్ ఎన్ని ఓల్టుల సిగ్నల్ ఇస్తోందో నేరుగా కనిపిస్తుంది. 3.3 దగ్గర చూపిస్తే ఈఎస్‌పీ32కి కలపొచ్చు. 5 దగ్గర చూపిస్తే కలపకూడదు, ఎందుకంటే ఆ చిప్‌కి గరిష్ఠం 3.6 ఓల్టులే. అడాప్టర్ మీద ఓల్టేజి ఎంచుకునే జంపర్‌ని 3.3 వైపు పెట్టాం కదా అని ధీమాగా ఉండొద్దు. కొన్ని మాడ్యూళ్లలో ఆ జంపర్ మారిస్తే బోర్డుకి పవర్ ఇచ్చే వీసీసీ పిన్ను ఓల్టేజే మారుతుంది, టీఎక్స్ సిగ్నల్ మారదు. బోర్డు మీద అచ్చేసిన అంకె కన్నా మీటర్ చూపించిన అంకెనే నమ్మండి.

5 ఓల్టుల అడాప్టర్ తప్ప వేరే లేకపోతే, దాని టీఎక్స్ నుంచి ఒక కిలో ఓమ్, అక్కడి నుంచి గ్రౌండ్‌కి రెండు కిలో ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టి, మధ్య బిందువు నుంచి చిప్ ఆర్ఎక్స్‌కి తీసుకోండి. అక్కడ 3.3 ఓల్టులు వస్తాయి. ఆర్డ్యునో ప్రో మినీలాంటి 5 ఓల్టుల బోర్డుకి 3.3 అడాప్టర్ సిగ్నల్ నేరుగా ఇచ్చినా పని జరుగుతుంది. దానిలోని ఏటీమెగా328పీ చిప్ తన సప్లైలో 60 శాతం దాటిన ఓల్టేజిని హైగా తీసుకుంటుంది, అంటే 3 ఓల్టులు చాలు.

అదే కొలతలో మీటర్ మైనస్ చూపించిందా, వెంటనే ఆపండి. అది ఆర్ఎస్-232 అనే పాత రకం సీరియల్ కేబుల్. ఇంటర్న్‌షిప్‌కి ఫ్యాక్టరీలకి వెళ్లి, పీఎల్‌సీకి (యంత్రాల్ని నడిపే కంట్రోలర్‌కి) వాడే తొమ్మిది పిన్నుల కేబుల్ తెచ్చుకునే పిల్లలు మన దగ్గర తక్కువేం కాదు. దాని లైన్ల మీద ప్లస్ 15 నుంచి మైనస్ 15 ఓల్టుల దాకా ఉండొచ్చు. మధ్యలో ఓల్టేజి మార్చే మ్యాక్స్232లాంటి చిప్ లేకుండా మైక్రోకంట్రోలర్‌కి తగిలిస్తే బోర్డు పోయినట్టే.

మన ఊరి గాలి

ఇది హైదరాబాద్ వాళ్లకి పెద్దగా అక్కర్లేని జాగ్రత్త. పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ, రుషికొండ, భీమిలి వైపు కిటికీలు తెరిచి ఉండే గదుల్లో ఉప్పు గాలి లోహాన్ని తినేస్తుంది. కిందటి సెమిస్టర్‌లో వాడి, టేబుల్ మీదే వదిలేసిన అడాప్టర్‌ని వెలుతురులో పెట్టి చూడండి. యూఎస్‌బీ మూతి అంచున తుప్పు, హెడర్ పిన్నుల మీద మసక, టంకం చుట్టూ పచ్చటి పొర కనిపిస్తాయి. అలాంటి అడాప్టరే నిన్న పనిచేసి ఇవాళ మొరాయిస్తుంది. వేలితో నొక్కితే పోర్ట్ వస్తుంది, వదిలేస్తే పోతుంది.

పాత టూత్ బ్రష్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిన్నుల్ని, యూఎస్‌బీ మూతిని తోమి, పూర్తిగా ఆరాకే కంప్యూటర్‌కి పెట్టండి. జంపర్ వైర్లని ఒక్కొక్కటీ పిన్నుకి గుచ్చి మెల్లగా లాగి చూడండి. జారిపోయేవాటిని పారేయండి, దాచుకోవద్దు. పని అయ్యాక గాలి చొరబడని డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు పెట్టండి. ఏసీ ల్యాబ్‌లో చల్లబడ్డ బోర్డుని బయట ఉక్కలోకి తేగానే ఆన్ చేయకుండా కాసేపు ఆగడం మంచిది, చల్లటి లోహం మీద తేమ పడుతుంది.

డ్రైవర్ల గొడవ

అడాప్టర్‌లో ఉన్న చిప్ ఏదో ముందే తెలుసుకుని కాగితం మీద రాసిపెట్టుకోండి. సీహెచ్340, సీపీ2102, ఎఫ్‌టీ232, పీఎల్2303, మన చేతికి వచ్చేవి దాదాపు ఇవే.

నకిలీ చిప్‌ల బెడద చిన్నది కాదు. హుద్‌హుద్ తుపాను విశాఖని తాకిన 2014 అక్టోబర్‌లోనే, ఎఫ్‌టీ232 తయారుచేసే ఎఫ్‌టీడీఐ కంపెనీ కొత్త డ్రైవర్ నకిలీ ఎఫ్‌టీ232 చిప్‌ల ప్రొడక్ట్ ఐడీని (కంప్యూటర్ చిప్‌ని గుర్తుపట్టే నంబర్‌ని) సున్నా చేసేస్తోందని బయటపడింది. విండోస్ అప్‌డేట్‌తో ఆ డ్రైవర్ వచ్చిన కంప్యూటర్లలో నకిలీ చిప్ ఉన్న అడాప్టర్లు ఉన్నట్టుండి పోర్ట్‌గా కనిపించడం మానేశాయి. గొడవ అయ్యాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2016లో వచ్చిన డ్రైవర్ నకిలీ చిప్‌ని పాడుచేయలేదు గానీ, డేటా బదులు 'నాన్ జెన్యూన్ డివైస్ ఫౌండ్' అనే మాట పంపేది. సీరియల్ మానిటర్‌లో ఈ వాక్యం కనిపిస్తే మీ కోడ్‌లో తప్పు వెతక్కండి.

పీఎల్2303ది ఇంకో కథ. పాత హెచ్‌ఎక్స్‌ఏ రకం చిప్‌లకి కొత్త డ్రైవర్ సహకరించదు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 10 వస్తాయి, లేదా ఆ చిప్ 2012 నుంచే ఆపేశారు అనే సందేశం పేరు స్థానంలో కనిపిస్తుంది. పాత డ్రైవర్ కోసం వెతుకులాడే బదులు, నా మాట విని వేరే చిప్ ఉన్న అడాప్టర్ కొనుక్కోండి. పెద్ద ఖర్చేం కాదు.

ఉబుంటు 22.04 వాడేవాళ్లకి సీహెచ్340తో ఒక చిక్కు ఉంది. పోర్ట్ వచ్చినట్టే వచ్చి మాయమవుతుంది. అంధులు వాడే బ్రెయిల్ డిస్‌ప్లేల కోసం ఉన్న బీఆర్‌ఎల్‌టీటీవై అనే ప్రోగ్రామ్ ఆ చిప్‌ని బ్రెయిల్ పరికరం అనుకుని పట్టేసుకుంటుంది. ఆ కంప్యూటర్‌లో బ్రెయిల్ వాడేవాళ్లు లేకపోతే ఆ ప్యాకేజీ తీసేయండి, సరిపోతుంది. ఉంటే మాత్రం తీయొద్దు, మీరే వేరే చిప్ అడాప్టర్ వాడండి. లైనక్స్‌లో పర్మిషన్ డినైడ్ అని వస్తే మీ యూజర్‌ని డయలౌట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి.

విండోస్‌లో సీహెచ్340ని ఒక్కో యూఎస్‌బీ సాకెట్‌కి పెడితే ఒక్కో కామ్ (పోర్ట్) నంబర్ వస్తుంది. చిప్‌కి సొంత సీరియల్ నంబర్ లేకపోవడమే కారణం. ఎప్పుడూ ఒకే సాకెట్ వాడండి. అన్నిటికన్నా ముఖ్యం, రివ్యూ కాలేజీ ల్యాబ్ కంప్యూటర్ మీద అయితే ముందే వెళ్లి అక్కడ పెట్టి చూడండి. డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, అది తెలిసిన ల్యాబ్ అసిస్టెంట్ రివ్యూ రోజున సెలవులో ఉండొచ్చు.

కరెంటు దగ్గర

ఇక్కడ మాత్రం ఒక్క మాట కూడా దాటేయకుండా చదవండి.

హోమ్ ఆటోమేషన్, ఎనర్జీ మీటర్‌లాంటి ప్రాజెక్టుల్లో 230 ఓల్టుల కరెంటు బోర్డు పక్కనే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కెపాసిటర్‌తో ఓల్టేజి తగ్గించే సర్క్యూట్లు కొందరు వాడతారు. అందులో మీ గ్రౌండ్ వైరు నేరుగా కరెంటు లైనుతో కలిసి ఉంటుంది. దానికి అడాప్టర్ తగిలిస్తే ల్యాప్‌టాప్ కాలిపోవడం ఒక్కటే కాదు, ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేసిన మనిషి ప్రాణానికే ప్రమాదం. కోడ్ డంప్ చేసేటప్పుడు ప్లగ్ గోడ నుంచి పూర్తిగా ఊడదీసి ఉండాలి, స్విచ్ కట్టేస్తే చాలదు. కరెంటు నడుస్తుండగానే సీరియల్ డేటా చూడాలంటే ముందు ఆ సప్లై మార్చి ఐసోలేషన్ ఉన్నది (కరెంటు లైనుతో నేరుగా కలవనిది) పెట్టండి.

ఎర్త్ సరిగా లేని ఇళ్లలో, చార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ లోహపు అంచు తాకితే జివ్వుమంటుంది. ఆ లీకేజీ సిగ్నల్ పిన్ను గుండా వెళ్తే చిప్ దెబ్బతినొచ్చు. అందుకే గ్రౌండ్ వైరు అన్నిటికన్నా ముందు కలపండి, అన్నిటికన్నా చివర్లో తీయండి. వీలైతే ఆ కాసేపు చార్జర్ తీసేసి బ్యాటరీ మీద పని చేయండి.

బోర్డుకి వేరే సప్లై ఉంటే అడాప్టర్ వీసీసీ కలపొద్దు. గ్రౌండ్, టీఎక్స్, ఆర్ఎక్స్ చాలు. ఎఫ్‌టీ232 చిప్‌లోని 3.3 ఓల్టుల పిన్ను ఇవ్వగలిగేది 50 మిల్లీ ఆంపియర్లే. వైఫై మొదలైన క్షణంలో ఈఎస్‌పీ32 కొన్ని వందల మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. మానిటర్‌లో బ్రౌన్‌అవుట్ (ఓల్టేజి పడిపోయింది) అనే మాట వస్తూ బోర్డు పదే పదే రీసెట్ అవుతుంటే కారణం కోడ్ కాకపోవచ్చు, ముందు సప్లై చూడండి. కెమెరా ఉండే ఈఎస్‌పీ32 క్యామ్ బోర్డుకి 5 ఓల్టుల పిన్ను ద్వారా గట్టి సప్లై ఇవ్వండి. బోర్డు పవర్ తీసేశాక కూడా ఎల్‌ఈడీ మసగ్గా వెలుగుతుంటే అడాప్టర్ టీఎక్స్ నుంచి కరెంటు లోపలికి వెళ్తోందని అర్థం. అప్పుడు పవర్ తీసి పెట్టినా చిప్ సరిగా రీసెట్ కాదు, ఆ వైరు కూడా తీసి పెట్టాలి.

అయినా ఎక్కకపోతే

అడాప్టర్ బాగుందని ముందే తేలింది కాబట్టి ఇప్పుడు చూడాల్సినవి కొన్నే. ఒకరి టీఎక్స్ ఇంకొకరి ఆర్ఎక్స్‌కి వెళ్లాలి. ఆర్డ్యునో యూనోలో 0, 1 పిన్నులకి హెచ్‌సీ-05 బ్లూటూతో, జీఎస్‌ఎం మాడ్యూలో తగిలించి ఉంటే అప్‌లోడ్ జరగదు, ఆ రెండు వైర్లు తీసి డంప్ చేసి మళ్లీ పెట్టండి. 'నాట్ ఇన్ సింక్' అని రావడానికి ఇదీ ఒక కారణం. నానో అయితే ప్రాసెసర్ మెనూలో ఓల్డ్ బూట్‌లోడర్ (బోర్డులో ఉండి కోడ్‌ని అందుకునే ప్రోగ్రామ్ పాత రకం) ఎంచుకుని చూడండి. పాతది 57600 వేగంతో, కొత్తది 115200తో మాట్లాడతాయి. ప్రో మినీకి డీటీఆర్ వైరు లేకపోతే, అప్‌లోడ్ మొదలయ్యే క్షణంలో రీసెట్ బటన్ చేత్తో నొక్కి వదలాలి.

ఈఎస్‌పీ32లో కనెక్టింగ్ అని చుక్కలు పడుతూ ఆగిపోతే బూట్ బటన్ నొక్కి పట్టుకోండి. క్యామ్ బోర్డుకి ఆ బటన్ లేకపోతే జీపీఐఓ 0 పిన్నుని గ్రౌండ్‌కి కలిపి రీసెట్ చేయాలి. ఈఎస్‌పీ8266 ఆన్ అవగానే చెత్త అక్షరాలు వస్తే కంగారు పడొద్దు. దాని మొదటి సందేశం 74880 వేగంతో వస్తుంది, మానిటర్‌ని అక్కడ పెడితే చదవగలిగేలా ఉంటుంది. పోర్ట్ బిజీ అంటే ఇంకో విండోలో సీరియల్ మానిటర్ తెరిచి వదిలేశారని.

కోడ్ ఎక్కాక అడాప్టర్ తీసేసి, ల్యాప్‌టాప్ లేకుండా, రివ్యూలో వాడబోయే సప్లై మీదే బోర్డుని నడిపి చూడండి. క్యామ్ బోర్డుకి జీపీఐఓ 0 వైరు అలాగే ఉండిపోతే ఆన్ చేసినా ప్రోగ్రామ్ మొదలవదు. లియొనార్డో, ప్రో మైక్రో బోర్డుల్లో సీరియల్ కోసం ఆగమనే లైను కోడ్‌లో ఉంటే, మానిటర్ తెరిచేదాకా బోర్డు అక్కడే నిలబడిపోతుంది. పవర్ బ్యాంక్ మీద నడిపేవాళ్లు కనీసం అరగంట వదిలేసి చూడాలి, కరెంటు వాడకం తక్కువగా ఉంటే కొన్ని పవర్ బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి. డబ్బా సర్దేటప్పుడు వేరే చిప్ ఉన్న రెండో అడాప్టర్, పరీక్షించిన కేబుల్, డ్రైవర్ ఫైలు ఉన్న పెన్‌డ్రైవ్ అందులో ఉన్నాయో లేదో చూసుకోండి.