జయాన్‌లో కాన్యన్ దిగేముందు వాన కబురు వస్తే...

పోయిన ఆగస్టులో నలుగురం వేగాస్‌లో దిగి, కారేసుకుని యూటాలో జయాన్ నేషనల్ పార్క్‌కి వెళ్లాం, అక్కడి ఇరుకు రాతిలోయల్లోకి (కాన్యన్లు) తాళ్లతో దిగడానికి. పర్మిట్ ఉంది, వెట్‌సూట్లు (చల్లనీళ్లలో వేసుకునే రబ్బరు బట్టలు) అద్దెకి తెచ్చేసుకున్నాం, తీరా ముందురోజు రాత్రి చూస్తే ఫ్లాష్ ఫ్లడ్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే వరద) రేటింగ్ పాసిబుల్ (రావచ్చు) నుంచి ప్రాబబుల్‌కి (వచ్చేలా ఉంది) మారింది. "తెల్లారకముందే దిగితే మధ్యాహ్నానికి బయటపడతాం లేరా" అని మావాడొకడు ఒకటే గోల. దిగలేదు. ఈ సీజన్‌లో వెళ్లేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

అక్కడ జులై నుంచి సెప్టెంబర్ దాకా మాన్సూన్. మన ముసురులాగా రోజంతా పట్టదు, మధ్యాహ్నం ఉన్నట్టుండి కుమ్మేసి పోతుంది, కిందంతా రాయే కాబట్టి నీళ్లు ఇంకవు, ఎక్కడెక్కడివో వచ్చి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత సందులో పడతాయి. అందుకే మీ నెత్తిమీద ఎండ కాస్తోందా అన్నది లెక్కే కాదు, ఎగువన మబ్బు ఎక్కడ పట్టిందో చూడాలి. 1997 ఆగస్టులో అరిజోనాలోని యాంటిలోప్ కాన్యన్‌లో 11 మంది పోయారు, వాళ్లున్నచోట పెద్దగా వానే లేదు. 2015 సెప్టెంబర్‌లో జయాన్‌లోనే కీహోల్ కాన్యన్‌లో 7 మంది, పర్మిట్ తీసుకుని వెళ్లినవాళ్లే.

మొదటి రాపెల్ (తాడు పట్టుకుని గోడ దిగడం) దిగి తాడు కిందికి లాగేసుకున్నాక ఇక వెనక్కి దారి ఉండదు. కాబట్టి దిగాలో వద్దో పైనే తేల్చుకోండి. మా రూల్ ఏంటంటే ఒక్కడు వద్దన్నా అందరూ ఆగాలి, కారణం అడగకూడదు. మాట్లాడకుండా కూర్చున్నవాణ్ని మాత్రం విడిగా అడగండి, వాడికే భయం ఎక్కువ ఉంటుంది.

లోపలికెళ్లాక నెత్తిమీద, రెండు నిలువుల ఎత్తులో, గోడల మధ్య అడ్డంగా ఇరుక్కున్న దుంగ కనిపిస్తుంది చూడండి, దాన్ని అక్కడ పెట్టింది వరదే. తేటగా ఉన్న నీళ్లు రాగిజావ రంగులోకి తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, దూరంగా లారీ వస్తున్నట్టు చప్పుడైనా వెంటనే దొరికిన ఎత్తు ఎక్కేయండి, వరదతో పోటీపడి కిందికి పరిగెత్తొద్దు. గట్టుమీదే రాత్రంతా ఉండాల్సి రావచ్చు కాబట్టి డ్రై బ్యాగ్‌లో (నీళ్లు దూరని సంచి) తిండి, హెడ్‌ల్యాంప్, పొడిబట్టలు పెట్టుకోండి. ఎండపడని సందుల్లో నీళ్లు ఆగస్టులో కూడా పళ్లు కొట్టుకునేంత చల్లగా ఉంటాయి, జీన్స్‌తో దిగకండి బాబూ. లోపల సిగ్నల్ రాదు, ఎన్నింటికి బయటికొస్తారో బయట ఒకరికి చెప్పిపెట్టండి.

పోనీ నారోస్‌లో (జయాన్‌లోనే, నదిలో నడిచే ఇరుకు లోయ) నడుద్దాం అంటారేమో, ఫ్లాష్ ఫ్లడ్ వార్నింగ్ పడితే అదీ మూసేస్తారు. వాన వెలిసిన మర్నాడు కూడా తొందరపడొద్దు, తడిసిన శాండ్‌స్టోన్ పెళుసు, తాళ్లు కట్టే దుంగలూ స్లింగులూ (తాడు తగిలించే పట్టీలు) కొట్టుకుపోయి ఉండొచ్చు. మేం రెండు గంటలు డ్రైవ్ చేసి బ్రైస్ కాన్యన్ వెళ్లాం, అక్కడ రిమ్ (లోయ అంచు) మీద పిడుగులభయం ఉంటుంది, ఉరుము వినబడగానే కార్లోకి వచ్చి కూర్చున్నాం. వెట్‌సూట్ల అద్దె మాత్రం తిరిగివ్వలేదు, తలా ఇంత పంచుకున్నాం, అది ముందే లెక్కలో రాసేసుకోండి.