పాత సామాన్ల కొట్టోడు వద్దనేవి కూడా లారీ ఎక్కించడం ఎలా

పేపర్లు, అట్టపెట్టెలు, ఇనుము, నీళ్ల బాటిళ్లు ఎలా అమ్మాలో నేను చెప్పక్కర్లేదు, గల్లీలోకి అరుచుకుంటూ వచ్చే బండికి వేస్తే అయిపోతుంది. తలనొప్పంతా మిగతావాటితోనే. పాల ప్యాకెట్లు, జ్యూస్ డబ్బాలు, టీవీతో వచ్చిన థర్మకోల్, సజ్జ మీద మూడేళ్లుగా పడున్న మిక్సీ, సొరుగులో దొర్లే పాత ఫోన్ బ్యాటరీలు. వీటిలో చాలావాటిని బండివాళ్లు ముట్టుకోరు. తడి చెత్తలో కలిపి స్వచ్ఛ ఆటోలో పడేస్తే హైదరాబాద్‌లో చివరికి ఎక్కడ తేలతాయో జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వైపు ఒక్కసారి వెళ్లొచ్చినవాళ్లకి తెలుసు.

కొన్నేళ్లుగా నేను వీటిలో చాలావరకు మా కాలనీ చివరున్న పాత సామాన్ల కొట్టులోనే వదిలించుకుంటున్నాను. దీనికి ఉపాయం పెద్దగా ఏమీ లేదు. మొదటిసారి మాత్రం సంచి మోసుకుని వెళ్లకండి, ఖాళీ చేతులతో వెళ్లండి. పొద్దున చెత్త ఏరుకునేవాళ్లు తూకానికి వస్తారు, సాయంత్రం లోడింగ్ ఉంటుంది, కాబట్టి మధ్యాహ్నం మూడింటప్పుడు వెళ్తే ఓనర్ తీరిగ్గా మాట్లాడతాడు. "ఇది తీసుకుంటావా అన్నా?" అని అడిగితే మొహమాటానికి తీసుకుంటాననో, విసుగొచ్చి వద్దనో అంటాడు. "ఇది నీ దగ్గర ఎవరు కొంటారన్నా?" అని అడగండి, అసలు సంగతి బయటికొస్తుంది. ఎందుకంటే ఆయన మధ్యలో మనిషి. ఒక్కో రకం ఒక్కో మూట కడతాడు, మూటలు నిండాక పెద్ద వ్యాపారి లారీ వస్తుంది. ఆ లారీ ఎక్కేదే ఆయనకి సరుకు, ఎక్కనిది చెత్త. ప్యాకెట్ మీద రీసైక్లింగ్ బాణాల గుర్తు ఎంత అందంగా ఉన్నా ఆయనకి పైన కొనేవాడు లేకపోతే ఆ గుర్తు దేనికీ పనికిరాదు. మా కొట్టులో పాల ప్యాకెట్లు తీసుకుంటారు, రెండు వీధుల అవతల కొట్టులో తీసుకోరు, ప్యాకెట్ మాత్రం అదే.

పాల ప్యాకెట్ల దగ్గర నేను బాగానే దెబ్బతిన్నాను. ఏప్రిల్‌లో రెండు నెలల ప్యాకెట్లు, పెరుగు ప్యాకెట్లతో సహా, కడక్కుండా ఒక గోనెసంచిలో కుక్కి బాల్కనీలో పెట్టాను. తీసుకెళ్లి కొట్టులో మూతి విప్పగానే ఓనర్ ముక్కు మూసుకుని "సార్, ఇది లారీ కాదు, నా కాటా కూడా ఎక్కదు" అన్నాడు. మళ్లీ అదే సంచి స్కూటీ ముందు పెట్టుకుని ఇంటికి రావడం, ఇంట్లో జరిగిన సన్మానం, అదంతా వద్దులెండి. ఇప్పుడు చేసేది ఇది: ప్యాకెట్ మూల పూర్తిగా కత్తిరించను, చిన్న ముక్క వేలాడుతూనే ఉంటుంది (ఆ ముక్కలు విడిపోతే ఎవరూ ఏరరు, నేరుగా మోరీలోకే). పాలు పోయగానే అందులోనే కాసిని నీళ్లు పోసి ఊపి కరివేపాకు కుండీలో పోస్తాను, పై అంచు కూడా ముక్క విడిపోకుండా కోసి బోర్లా క్లిప్పు పెట్టి ఆరేస్తాను. పెరుగు ప్యాకెట్‌కి మాత్రం ఒక చుక్క సబ్బు కావాలి. అరలీటరు ప్యాకెట్ దాదాపు మూడు గ్రాములే ఉంటుంది, అంటే రోజుకో ప్యాకెట్ కొనే ఇంట్లో కిలో పోగవ్వాలంటే ఏడాది పడుతుంది. కాబట్టి ఒక్కరే చేస్తే విసుగొస్తుంది. మేము అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ గది పక్కన ఒక సంచి కట్టాం, వచ్చిన డబ్బులు వాచ్‌మన్‌వే, అందుకని ఎవరు కడక్కుండా వేశారో ఆయనే కనిపెట్టి తలుపు కొడతాడు. ఈ ప్యాకెట్లు కరిగించి నల్ల చెత్త కవర్లు, తోటలకి వేసే నల్ల పైపులు చేస్తారు.

మిగతా ప్లాస్టిక్ కలిపి ఇస్తే తక్కువ రేటు, విడదీసి ఇస్తే కాస్త ఎక్కువ. అడుగున త్రిభుజంలో ఉండే అంకె చూడండి: 1 నీళ్ల బాటిళ్లు, 2 షాంపూ, ఫినాయిల్ సీసాల్లాంటివి, 4 పాల ప్యాకెట్లు, 5 హోటల్ పార్సిల్ డబ్బాలు. అంకె లేకపోతే ఒక ముక్క కోసి నీళ్లలో వెయ్యండి. 2, 4, 5 తేలతాయి, నీళ్ల బాటిల్ ముక్క మునుగుతుంది. మా ఓనర్‌కి ఇదేమీ అక్కర్లేదు, గోటితో కొట్టి చప్పుడు విని చెప్పేస్తాడు.

చిప్స్, బిస్కెట్ ప్యాకెట్లతో ముందే ఆశ పెట్టుకోకండి. గుప్పిట్లో నలిపి వదలండి. నలిగినట్టే ఉండిపోతే అల్యూమినియం రేకు, అది ఉండ చేసి కూల్‌డ్రింక్ అల్యూమినియం డబ్బాలతో పాటు ఇవ్వొచ్చు. మళ్లీ విచ్చుకుంటే ప్లాస్టిక్ మీద మెరుపు పూత, పొరలు విడదీయడం దండగ కాబట్టి కొట్టులో కొనరు. మున్సిపాలిటీ పొడి చెత్త కేంద్రాలకి చేరినవి సాధారణంగా సిమెంట్ ఫ్యాక్టరీ కొలిమిలో ఇంధనంగా పోతాయి. అంత మాత్రానికైనా నూనె తుడిచి, పొడిగా, వేరే సంచిలో కట్టి ఆటోవాళ్ల చేతికివ్వాలి. వీటిని నీళ్ల బాటిల్లో కుక్కి ఇటుకలు చేయమని చెప్పేవాళ్లున్నారు. నాకు అది నచ్చదు, చక్కగా అమ్ముడుపోయే బాటిల్‌ని కూడా చెత్త చేసినట్టే.

జ్యూస్, పాల టెట్రా డబ్బాల్లో ముప్పావు వంతు కాగితమే, లోపల ప్లాస్టిక్, సన్నటి అల్యూమినియం పొరలు ఉంటాయి. కోసి, కడిగి, చదును చేస్తే కొన్ని కొట్లు తీసుకుంటాయి. వీటితో షీట్లు, బల్లలు చేస్తారు. అట్టపెట్టెల మధ్యలో దాచి తూకానికి మాత్రం వెయ్యకండి, దొరికితే మీ మూట మొత్తం విప్పిస్తాడు. థర్మకోల్ అయితే 98 శాతం గాలే, లారీ నిండా వేసినా డీజిల్ ఖర్చు రాదు. ఫ్రిజ్ బిగించడానికి వచ్చినవాళ్లతోనే తిరిగి పంపించేయండి, వాళ్లు వెళ్లిపోయాక ఫోన్ చేస్తే ఎవరూ రారు.

గాజులో ఒక తమాషా ఉంది. బీరు సీసా కడిగి మళ్లీ నింపుతారు కాబట్టి సీసాకింతని ఇస్తారు. పచ్చడి వచ్చిన గాజు సీసా ఎంత మందంగా ఉన్నా దాన్ని కరిగించాల్సిందే, అందుకే కొందరు ఊరికే ఇచ్చినా వద్దంటారు. పగిలినవైతే పేపర్లో చుట్టి పైన "గాజు" అని పెద్దగా రాయండి, అవి విప్పేవాళ్ల చేతికి గ్లౌజులుండవు.

ఇక మిక్సీ, ఫోన్లు, చార్జర్లు. కొట్టువాళ్లు సంతోషంగా తీసుకుంటారు, రేటు కూడా వస్తుంది, నేనైతే ఇవ్వను. చాలాచోట్ల వైర్లు రాగి కోసం ఆరుబయట కాలుస్తారు, పైన ఉండేది పీవీసీ అనే ప్లాస్టిక్, ఆ పొగలో డయాక్సిన్లనే విషాలుంటాయి, పీల్చేది ఆ కొట్టు వెనక ఉండే పిల్లలు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇలాంటి వస్తువులు 106 రకాలు, వాటి రీసైక్లింగ్ బాధ్యత తయారీ కంపెనీదే. కంపెనీ వెబ్‌సైట్లోనో సర్వీస్ సెంటర్లోనో ఎక్కడ తీసుకుంటారో కనుక్కోండి. ఫోనైతే ఖాతాలన్నీ లాగౌట్ చేసి రీసెట్ కొట్టాకే ఇవ్వండి. ఇన్వర్టర్ బ్యాటరీ కొత్తది కొనే షాపులోనే మార్చుకోండి, ధరలో తగ్గిస్తారు. బయట ఇస్తే యాసిడ్ మోరీలో పారబోసి సీసం తీసుకునేవాళ్లున్నారు.

ఫోన్, పవర్‌బ్యాంక్ బ్యాటరీలు చివర్లకి టేపు అంటించి విడిగా ఉంచండి, ఉబ్బినదైతే గుచ్చడం, నొక్కడం చేయకండి. పేపర్ల మూటలో ఒక్కటి చేరినా నిప్పు అంటుకోవచ్చు. పాత ట్యూబ్‌లైట్లలో, సీఎఫ్ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది, పగలగొట్టకుండా కొత్తది వచ్చిన అట్టగొట్టంలోనే పెట్టి మున్సిపాలిటీ వాళ్లకి విడిగా ఇవ్వండి. డైపర్లు, ప్యాడ్లు, సూదులు, డేటు దాటిన మందులు కూడా అంతే, కొట్టు వైపు వెళ్లనే కూడదు.

ఒక్క మాట మర్చిపోయాను. కొనరుగానీ ఊరికే తీసుకుంటాననే వస్తువుని అమ్ముడుపోయే వాటితో కలిపి తీసుకెళ్లండి. పది కిలోల అట్టలతో పాటు కడిగిన టెట్రా డబ్బాల సంచి ఇస్తే ఎవరూ కాదనరు, ఉత్త డబ్బాలే పట్టుకెళ్తే మాత్రం "రేపు రండి సార్" అంటారు.