ఆపరేషన్ తేదీ ఖాయమైందా? నొప్పి సంగతి ముందే మాట్లాడుకోండి

ఆపరేషన్ తేదీ ఖాయం కాగానే ఇంట్లో అందరూ డబ్బు, సెలవులు, రక్తం ఎవరిస్తారు, రాత్రి తోడు ఎవరుంటారు అనే లెక్కల్లో పడతారు. ఆసుపత్రి తిరుపతిలో స్విమ్స్ కావచ్చు, రుయా కావచ్చు, ఎముకలకైతే బర్డ్ కావచ్చు, చిత్తూరు వాళ్ళు దగ్గరే కదా అని వెళ్ళే వేలూరు కావచ్చు, హడావుడి మాత్రం ఒకటే. ఆ తరువాత వచ్చే నొప్పిని ఎలా అదుపులో పెట్టుకోవాలన్నది కత్తి పడ్డాకే గుర్తొస్తుంది. అప్పటికి రోగికి అడిగే ఓపిక ఉండదు, తోడున్నవారికి ఏం అడగాలో తెలియదు.

అడగవలసిన మనిషి మత్తు డాక్టరు. ఆపరేషన్‌కు ముందు ఆయన వచ్చి చూసే ఆ పది నిమిషాలు చాలా విలువైనవి. బీపీ, షుగర్ మాత్రలతో పాటు రక్తం పలచబడే మందులు, ఆయాసం, కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఫిట్స్, నిద్రకో దిగులుకో వాడే మాత్రలు, నాటువైద్యుడి పొడులు, ఏ మందు పడక ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయో, అన్నీ చెప్పాలి. నొప్పి మందు ఎంపిక వీటి మీదే ఆధారపడుతుంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటివి కిడ్నీ జబ్బు, అల్సరు ఉన్నవారికి చేటు చేస్తాయి. ట్రమడాల్ ఫిట్స్ వచ్చే మనిషికి, కొన్ని దిగులు మాత్రలు వాడేవారికి ప్రమాదం. అలాగని ఏ మందునూ మీ అంతట మీరు మానేయకండి. ఏది ఎప్పుడు ఆపాలో వాళ్ళే చెప్పాలి.

మద్యం సంగతి దాచకండి. భార్య ముందో మామగారి ముందో చెప్పలేకపోతే డాక్టరుతో ఒంటరిగా చెప్పండి. రోజూ తాగే మనిషి ఆసుపత్రిలో ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, పొంతన లేని మాటలు, ఒక్కోసారి ఫిట్స్ రావచ్చు. ముందే తెలిస్తే దానికి మందు ఉంది. తెలియకపోతే అందరూ నొప్పికే అలా అయ్యాడనుకుంటారు. బీడీ, సిగరెట్ల విషయంలో ఎంత ముందు మానితే అంత మేలు, నాలుగు వారాలైతే ఊపిరితిత్తులకు, గాయానికి స్పష్టంగా తేడా తెలుస్తుంది.

మరొక్క ప్రశ్న అడగండి: మత్తు ఎప్పుడు దిగుతుంది? వెన్నుకు ఇచ్చే మత్తు కొన్ని గంటలుంటుంది. చేతికో కాలికో నరం దగ్గర ఇచ్చిన మత్తు ఇంకా ఎక్కువసేపు ఉండవచ్చు. అది ఉన్నంతసేపు 'నొప్పే లేదు, మాత్ర ఎందుకు' అనిపిస్తుంది. దిగిందంటే మాత్రం నొప్పి ఒక్కసారిగా మీద పడుతుంది, రాత్రి రెండింటికైనా సరే. మొదటి మాత్ర అది దిగకముందే పడాలి. మొద్దుబారిన కాలికి వేడి కాపడం పెట్టకండి, చర్మం కాలినా రోగికి తెలియదు.

వార్డులో రౌండుకు వెళ్ళినప్పుడు నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత అని అడుగుతాం. గర్భసంచి ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ ఠక్కున, "ఏం లేదు సిస్టరమ్మా, స్వామి దయ" అంది. చూస్తే ఎడమ చేతి పిడికిట్లో దుప్పటి అంచు నలిగి ఉంది, ఊపిరి గొంతు దగ్గరే ఆగిపోతోంది. "ఒకసారి గట్టిగా దగ్గండమ్మా" అంటే కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. పక్కనున్న కోడలు, "మా అత్తమ్మ దేనికైనా ఓర్చుకుంటుందండీ" అని గొప్పగా చెప్పింది. ఆ ఓర్పే నాకు భయం. పూర్తిగా ఊపిరి తీయకపోతే, దగ్గకపోతే కఫం ఊపిరితిత్తుల అడుగున పేరుకుని నిమ్ముకు దారితీస్తుంది. మంచం దిగకపోతే కాలి పిక్కలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. అందుకే మీరు అంకె ఒక్కటే చూడకండి. లోతుగా ఊపిరి తీయగలుగుతున్నారా, దగ్గగలుగుతున్నారా, పక్కకు తిరిగి లేచి బాత్రూము దాకా నడవగలుగుతున్నారా అని చూడండి. వీటిలో ఏది కుదరకపోయినా నొప్పికి ఇచ్చే మందు చాలడం లేదని సిస్టరుకు చెప్పండి. నొప్పి పూర్తిగా పోవడం సాధ్యం కాదు, కదలగలిగేంతగా తగ్గితే చాలు.

దగ్గేటప్పుడు పొట్ట మీది కుట్లకు చిన్న దిండు అదిమి పట్టుకోవాలి. ఊపిరి పీల్చడానికి మూడు బంతుల పరికరం ఇస్తే అది కిటికీలో అలంకారానికి కాదు, మెలకువగా ఉన్నప్పుడు గంటకు పదిసార్లు పీల్చాలి. పడుకునే ఉన్నా పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి.

మొదటి రెండు మూడు రోజులు మాత్రలు గడియారం చూసి వేయాలి, మూలుగు విని కాదు. నొప్పి ముదిరాక దించడానికి ఎక్కువ మందు పడుతుంది. అయితే ఇక్కడే మాత్రలు మోతాదు మించే తప్పు జరుగుతుంది. డిశ్చార్జి చీటీలో ఒకటి, వీధి చివరి మందుల షాపులో మరొకటి, ఇంట్లో జ్వరానికి దాచిన డోలో (ఇదీ పారాసిటమాలే) ఇంకొకటి కలుస్తాయి. పారాసిటమాల్ చాలా నొప్పి మాత్రల్లో వేరే మందుతో కలిసి ఉంటుంది. పెద్దవారికి రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు. 650 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు వేస్తేనే 3,900 మిల్లీగ్రాములు. బక్కపలచని ముసలివారికి, లివర్ జబ్బున్నవారికి, రోజూ తాగేవారికి ఈ హద్దు ఇంకా తక్కువ. అట్ట వెనుక చిన్న అక్షరాలు చదవండి, కళ్ళు ఆనకపోతే చదువుకునే పిల్లలతో చదివించండి.

ట్రమడాల్ వంటి మందులతో చాలామందికి మలబద్ధకం వస్తుంది. ముక్కితే కుట్లు గుంజుతాయి, ఆ భయంతో రోగి మాత్రే మానేస్తాడు. విరేచనం సాఫీగా అయ్యే సిరప్పు డిశ్చార్జి నాడే అడిగి రాయించుకోండి. ఇవే మాత్రల వల్ల మనిషి లేపినా లేవనంత మత్తుగా పడుకుంటే అది సుఖనిద్ర కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇంటికి ప్రయాణం దూరమైతే, తిరుపతి నుంచి భాకరాపేట ఘాట్ మీదుగా మదనపల్లె కావచ్చు, ఒక పూట పట్టే కుప్పం కావచ్చు, బయలుదేరే ముందు నొప్పి మాత్ర పడాలి. సీటు బెల్టుకూ పొట్టకూ మధ్య దిండు పెట్టండి. గంటకోసారి బండి ఆపి నాలుగడుగులు నడిపించండి. వెన్నుమత్తు తీసుకున్నవారికి లేచి కూర్చుంటే తల పగిలిపోయేలా నొప్పి, పడుకుంటే తగ్గడం ఉంటే మామూలు తలనొప్పి అనుకోక మత్తు డాక్టరుకు చెప్పండి.

ఇక పథ్యం. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని చారన్నం, రస్కులతో నెల గడిపే ఇళ్ళు మన జిల్లాల్లో లెక్కలేనన్ని. నాకు దీనిమీద ఉన్నంత కోపం ఇంక దేనిమీదా లేదు. గాయం మానడానికి కావలసిందే మాంసకృత్తులు. పేగు ఆపరేషనో కిడ్నీ జబ్బో ఉండి డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప పప్పు, గుడ్డు, పెరుగు, చేప, వేరుశనగ పెట్టండి. పల్చటి రాగి జావతో మొదలుపెట్టి అరుగుతుంటే సంగటికి రావచ్చు. షుగర్ ఉన్నవారు గ్లూకోమీటరు దగ్గర పెట్టుకోవాలి. చక్కెర అదుపు తప్పితే కుట్లు మానవు.

విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు నాటుకట్టుకు మన ప్రాంతంలో తరతరాల పేరుంది. దానిమీద ఎవరి నమ్మకం వారిది. కానీ లోపల ప్లేటు, స్క్రూలు వేసిన ఎముక మీద మళ్ళీ కట్టు బిగించడం, మానని కుట్ల మీద తైలం మర్దన చేయించడం మాత్రం వద్దు. ఏ కట్టు కిందైనా, పిండికట్టు కిందైనా, మాత్ర వేసినా నొప్పి పెరుగుతూ పోతుంటే, వేళ్ళు కదిలిస్తే ప్రాణం పోతున్నట్టుంటే, చల్లబడి నీలంగా మారి మొద్దుబారితే తెల్లవారేదాకా ఆగకండి. గంటల్లో కండ చచ్చిపోవచ్చు.

మోకాలి చిప్ప మార్పిడి అయినవారికి నొప్పి వారాల తరబడి ఉంటుంది. ఫిజియోథెరపీకి అరగంటో ముప్పావుగంటో ముందు మాత్ర వేసి, వ్యాయామం అయ్యాక గుడ్డ చుట్టిన ఐసు పావుగంట పెట్టండి. మోకాలి కింద దిండు హాయిగానే ఉంటుంది, కాలు వంగిపోయి చాపుకోవడం కష్టమవుతుంది కాబట్టి వద్దు.

పెద్దవయసు వారు రాత్రిపూట ఉన్నట్టుండి ఎవరినీ గుర్తుపట్టకపోతే, సెలైన్ గొట్టం లాగేస్తే, ఎవరో వచ్చి నిలబడ్డారంటే గాలి సోకిందని తాయెత్తులకు పరుగెత్తవద్దు. నొప్పి, జ్వరం, మూత్రం ఆగడం, కొత్త మందులు, నిద్రలేమి, చాలాసార్లు వీటిలో ఏదో ఒకటి కారణం అయి ఉంటుంది. డాక్టరుకు చెప్పండి. కళ్ళజోడు, వినికిడి మిషను వెంటనే చేతికివ్వండి, గదిలో చిన్న దీపం ఉంచండి, తెలిసిన మనిషి పక్కన కూర్చోవాలి.

మామూలుగా నొప్పి మూడో రోజు దాటాక మెల్లగా దిగాలి. దిగిన నొప్పి మళ్ళీ ఎక్కుతుంటే లోపల ఏదో జరుగుతోందని అర్థం. 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, కుట్ల చుట్టూ ఎరుపు, వాసన, పొట్ట ఉబ్బి గాలి పోకపోవడం, ఆగని వాంతులు, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, ఇవి ఆసుపత్రికి ఫోను చేయవలసినవి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే ఆ రోజే వెళ్ళి చూపించండి, రుద్దకండి. ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో నొప్పి వస్తే ఫోనులో సలహాలు అడుగుతూ కూర్చోక 108కి చేయండి.

బాగైతే తిరుమల కొండకు నడిచి వస్తామని మొక్కుకున్నవారు చాలామంది. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. పొట్ట కోసి చేసిన ఆపరేషన్లకు బరువులెత్తవద్దనే గడువే చాలాసార్లు ఆరు వారాల దాకా ఉంటుంది, మెట్లు, అంగప్రదక్షిణం సంగతి రివ్యూకు వెళ్ళినప్పుడు అడిగి తెలుసుకోండి. అంతవరకు బస్సులో వెళ్ళి దర్శనం చేసుకున్నా స్వామి ఏమీ అనుకోడు. మిగిలిపోయిన నొప్పి మాత్రలు మాత్రం ఎదురింటి పెద్దాయన నడుము నొప్పికి ఇవ్వకండి. ఆయన కిడ్నీల సంగతి మీకు తెలియదు.