చలి ముదరకముందే: సికిల్ సెల్ ఉన్న ఇంట్లో జాగ్రత్తలు

కార్తీకం దాటిందంటే పాడేరు, అరకు, ఆదిలాబాద్ వైపు తెల్లవారుజామున నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. మిగతా పిల్లలు కాసేపు వణికి ఊరుకుంటారు. సికిల్ సెల్ ఉన్న పిల్లాడికి ఆ ఒక్క చన్నీళ్ల స్నానమే చాలు, సాయంత్రానికి మోకాళ్లు, నడుము పట్టుకుని మెలికలు తిరిగిపోవచ్చు. అందుకే దీపావళిలోపే ఏర్పాట్లు చూసుకోండి.

హిమోగ్లోబిన్ తయారుచేసే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల వచ్చే జబ్బు ఇది. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి మారిన జన్యువే వస్తే, ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్రకణాలు కొడవలిలా వంగి గట్టిపడతాయి. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి. దాహం వేయదు, నీళ్లు తాగరు. సన్నటి నాళాల్లో కణాలు ఇరుక్కుని ఎముకకు రక్తం అందదు. ఆ నొప్పి అదే.

ఒక తల్లి పిల్లలైనా ఇద్దరికీ ఒకేలా రాదు. కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ కొందరిలో పెద్దయ్యాక కూడా ఎక్కువగా మిగిలి, కణాలను అంతగా వంగనివ్వదు. అది ఎంత మిగలాలన్నది చాలావరకు వేరే జన్యువుల మీద ఆధారపడి ఉంటుంది. అందుకే "వాళ్లక్క ఓర్చుకోవట్లేదా, వీడికే వచ్చిందా నొప్పి?" అనకండి. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. వాడు నటించడం లేదు.

డాక్టరు రాసే హైడ్రాక్సీయూరియా మాత్ర ఆ హిమోగ్లోబిన్‌నే పెంచుతుంది. నొప్పి రావట్లేదు కదా అని ఆపేయకండి. మధ్యమధ్య రక్తపరీక్ష తప్పదు. ఘాట్ రోడ్డులో బస్సు రాని రోజులుంటాయి కాబట్టి మాత్రలు అయిపోకముందే తెచ్చుకోండి.

స్నానం ఎండెక్కాక, వేడినీళ్లతోనే. దుప్పట్లోంచి లేవకముందే స్వెట్టర్, సాక్సులు తొడగండి. దాహం వేసేదాకా ఆగకుండా గోరువెచ్చని నీళ్లో గంజో గంటకోసారి తాగించండి. నొప్పి ఉన్నచోట ఐస్ అసలు పెట్టకూడదు, వెచ్చటి గుడ్డతో కాపడం పెట్టండి. తలుపులు మూసి కుంపటితో పడుకోవద్దు. బొగ్గు పొగ ఎవరికైనా ప్రాణం మీదికి తెస్తుంది, ఈ పిల్లల రక్తంలోనేమో ఆక్సిజన్ తగ్గితే కణాలు ఇంకా వంగుతాయి.

ఆశ్రమ పాఠశాలలో ఉంటే వార్డెన్‌కు కాగితం మీద రాసివ్వండి: చన్నీళ్ల స్నానం వద్దు, పొద్దున్నే పరుగు పందేలు వద్దు, నీళ్ల బాటిల్ వెంట ఉండాలి, నొప్పంటే నమ్మండి.

అమ్మలు చేత్తో నేర్చుకోవాల్సింది ఒకటుంది. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి ఎడమ డొక్క కింద మెల్లగా తడమండి. మనవాళ్లు 'బల్ల' అనేది, ప్లీహం, అక్కడ తగులుతుంది. మామూలుగా ఎంత తగులుతుందో డాక్టరు దగ్గరే చూపించుకుని గుర్తుపెట్టుకోండి. ఒక్కసారిగా ఉబ్బి, బిడ్డ పాలిపోయి నీరసపడితే రక్తం అందులో చిక్కుకుపోతోందన్నమాట. గంటలు కూడా ఆగకూడదు.

జ్వరం 101 డిగ్రీలు దాటినా, ఛాతీలో నొప్పితో ఆయాసం వచ్చినా, మూతి వంకరపోయినా, ఒక చెయ్యో కాలో పడిపోయినా 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే, జ్వరం సంగతి కన్నా ముందు, "సికిల్ సెల్ ఉంది" అని చెప్పండి.